మూడు మ్యాపుల్లో బొడ్డగుడ

1926 చలికాలం. అరకులోయలో వలిసె పూలు విరగబూసి, ఎటు చూసినా పసుపు ఆరబోసినట్టుండే రోజులు. ఇంతకన్నా వర్ణన నా దగ్గర ఆశించకండి. ఆ పూల మధ్య గుడారంలో నేను రెండు రగ్గులు కప్పుకుని, క్వినైను చేదు నోట్లో ఉంచుకుని, మన్నెం జ్వరం ఈ పూట వస్తుందా రేపొస్తుందా అని ఎదురు చూస్తూ ఉండేవాణ్ని. అందాన్ని చూడ్డానికి ఒంట్లో కొంచెం వేడి తక్కువుండాలి.

నా ఉద్యోగం డ్రాఫ్ట్స్‌మన్. సర్వేయర్లు కొండలెక్కి కొలుచుకొచ్చినదాన్ని కింద కూర్చుని శుభ్రంగా గీసేవాడు. మా నాన్న భీమిలి దగ్గర మిషన్ స్కూల్లో మాస్టారు. నన్ను పాస్టర్ని చెయ్యాలని ఆయన కోరిక. ప్రార్థన మధ్యలో నవ్వొచ్చే మనిషి ఆ పనికి పనికిరాడని పెద్దలు ముందే గ్రహించి, చేతిరాత బాగుంది కదా అని సర్వే స్కూలుకి పంపించారు. గీతలు గీస్తూ నవ్వుకుంటే ఎవరికీ కోపం రాదు.

మా పార్టీ పేరు అడవి సెటిల్మెంటు. ఏ కొండ సర్కారు అడవి, ఏ కొండ మీద ఊరివాళ్లకి హక్కుంది అన్నది తేల్చి, మధ్యన ఒక గీత గియ్యడం మా పని. గీతకి లోపల పడినదాన్ని రిజర్వు అంటారు. రిజర్వులో పోడు కొట్టకూడదు, కట్టె నరకకూడదు, పశువుని తోలకూడదు. మ్యాపు మీద ఆ గీత వెంట్రుకంత సన్నం. కొండ మీద మాత్రం దానికి ఇటున్నవాడు తింటాడు, అటెళ్లినవాడు జరిమానా కడతాడు.

మా హెడ్ సర్వేయరు సోమయాజులుగారు గోదావరి వైపు మనిషి. నశ్యం డబ్బీ, గొలుసు, పంచాంగం, ఈ మూడూ లేకుండా కదలరు. గొలుసంటే సర్వే గొలుసు, నేల మీద పరిచి దూరం కొలిచేది. క్యాంపుకి వచ్చిన కొత్తలో గుడారం వెనక పులి గుర్రుమంటోందని కూలీలందరూ చెట్లెక్కారు. తీరా చూస్తే అది సోమయాజులుగారి మధ్యాహ్నపు నిద్ర. అప్పటినుంచి ఆయనంటే నాకు భయం పోయింది. గౌరవం మాత్రం పోలేదు, ఎందుకంటే కొలతలో ఆయన చెయ్యి తప్పదు. మా పైన సెటిల్మెంటు ఆఫీసరుగారు. ఆయన పేరు రాయను. ఆయనింకా సర్వీసులో ఉన్నారు, నేనూ ఉన్నాను.

ఇక బొడ్డగుడ. గెడ్డ పక్కన గడ్డికప్పుల ఇళ్లు ఓ ఇరవై. గెడ్డంటే కొండవాగు. కింద పల్లపు మడులన్నీ ముఠాదారువి, అంటే ఆ కొండ ఊళ్లకి శిస్తు వసూలు చేసే పెద్దవి. ఊరివాళ్లకి ఉన్నదల్లా ఊరి వెనక పైకి లేచిన ఒక పెద్ద వాలు. దాని మీదే వాళ్ల చోళ్లు, సామలు, కందులు. దాని మీదే కొన్ని పనసచెట్లు, రెండు మూడు చింతలు. ఆ వాలు రిజర్వులో పడితే బొడ్డగుడకి తిండి లేదు. ఈ సంగతి మాకన్నా ముందు పసిగట్టినవాడు అస్సాం తేయాకు తోటలకి కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీ. మా గుడారాలు వేసిన వారంలోనే బొడ్డగుడ చుట్టూ తిరగడం మొదలెట్టాడు. గద్దకి ఎవరూ కబురు పెట్టక్కర్లేదు.

విచారణ ఆఫీసరుగారి గుడారం ముందర జరిగింది. ఊరి తరఫున వాళ్ల నాయుడు వచ్చాడు. నాయుడంటే అక్కడ కులం కాదు, ఊరి పెద్ద. పేరు సోమ్రా. సోమవారం పుట్టాడు కాబట్టి సోమ్రా. ఆ కొండల్లో పుట్టిన వారమే చాలామందికి పేరు. సంతకెళ్లి ఒక పేరు పెట్టి కేకేస్తే ఏడో వంతు మనుషులు వెనక్కి తిరుగుతారు. సోమ్రాకి యాభై దాటి ఉంటాయి. సంతలో బేరాలాడి తెలుగు బాగా నేర్చాడు.

"ఈ వాలు మీదేనని ఎలా అంటున్నావు?" అన్నారు ఆఫీసరుగారు.

"మాదే బాబూ. మా తాతలది."

"మీ తాతలు ఎక్కడుండేవారు?"

"బొడ్డగుడలో."

"ఇప్పుడున్న చోటేనా? ఇంతకు ముందు ఇంకెక్కడైనా ఉన్నారా? ఆలోచించి చెప్పు. ఆ పైన ఎప్పుడైనా కాపురాలున్నట్టు తేలితే మీకే మంచిది."

సోమ్రా నేల చూశాడు. వెనకనున్న నలుగురూ నేలే చూశారు. నేనూ చూశాను, అక్కడేమన్నా రాసుందేమోనని.

"లేదు బాబూ. మేం ఎప్పుడూ బొడ్డగుడలోనే."

ఆఫీసరుగారు కలం కింద పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. చేతికందించిన కర్రని కూడా పట్టుకోని మనిషిని ఎలా ఒడ్డుకి లాగాలో ఆయనకి తెలియలేదు. "పెదబయలు వైపు క్యాంపు ముగించుకుని వస్తాను. అప్పటికి ఏదైనా ఋజువు చూపిస్తే సరే. లేకపోతే వాలు రిజర్వులోకే" అని లేచారు. పోతూ నాకు పని చెప్పారు. ఈ ప్రాంతానికి ఉన్న పాత మ్యాపులన్నీ ఒకే కొలతకి తెచ్చి ఒక ట్రేసింగు చెయ్యమన్నారు.

ట్రేసింగు క్లాత్ అంటే గంజి పెట్టి, గాజులా మెరిసేదాకా రుద్దిన పల్చటి నూలుగుడ్డ. మ్యాపు మీద పరిస్తే కింద గీతలన్నీ కనిపిస్తాయి. ఒక మ్యాపుని నల్ల సిరాతో, ఇంకోదాన్ని ఎర్రసిరాతో ఎత్తి రాసుకుంటే, నూరేళ్లు ఒకే గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆ గుడ్డకి శత్రువు తడి. అరకులోయలో ఉన్నదంతా తడే.

నా దగ్గరున్నవి మూడు మ్యాపులు. మొదటిది నూరేళ్ల కిందట ఎవరో జమీందారు గీయించిన చేతిపటం. అందులో కొండలు ఇడ్లీల్లా వరసగా ఉన్నాయి. ఒక మూల పులి బొమ్మ, దాని తోక రెండు గ్రామాలు దాటి పోయింది. ఆ పటాన్ని కొలతకి తేవడమంటే ఆవిరి మీదున్న ఇడ్లీని గజంబద్దతో కొలవడమే. కానీ గెడ్డలు ఎక్కడ కలుస్తాయో మాత్రం గీసినాయన శ్రద్ధగా గీశాడు. గెడ్డల కూడళ్లు అంత తొందరగా చోటు మార్చవు. వాటిని ఆధారం చేసుకున్నాను. రెండోది ఆ తర్వాత వచ్చిన సర్కారు సర్వే షీటు, వాలులన్నీ సన్నటి వెంట్రుక గీతలతో చూపించిన చక్కని పని. మూడోది కిందటేడు మా వాళ్లు కొలిచింది.

మూడూ ఎత్తి రాశాక చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. ఒక్క బొడ్డగుడ తప్ప. ఇడ్లీల పటంలో అది శిఖరానికి అవతల ఉంది. వెంట్రుక గీతల షీటులో శిఖరానికి ఇవతల, వాలు మధ్యలో. మా మ్యాపులో గెడ్డ పక్కన.

సోమయాజులుగారికి చూపించాను.

"గీసినవాడికి మన్నెం జ్వరం వచ్చి ఉంటుందోయ్. రిమార్కులో 'స్థానం తప్పు' అని రాసి అవతల పారెయ్."

"జ్వరంతో చెయ్యి వణికితే అన్ని ఊళ్ల దగ్గరా వణకాలి కదండీ. ఒక్క బొడ్డగుడ దగ్గరే ఎందుకు వణుకుతుంది? అందులోనూ ఇద్దరికి?"

ఆయన ఒక పట్టు నశ్యం పీల్చారు. గుడ్డని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు.

"అయితే ఏమంటావు? ఊళ్లు నడుస్తాయిటోయ్?"

"ఏమోనండీ. అందులో ఉండేవాళ్లకి కాళ్లున్నాయి."

"సామ్యేలూ, నీ నోరు బాగాలేదు గానీ, మాట బాగానే ఉంది. వెళ్లి కనుక్కో."

గుడ్డని రేకు గొట్టంలో చుట్టుకుని బొడ్డగుడ వెళ్లాను. మధ్యాహ్నం వేళ, నూర్పిళ్లయి ఆడవాళ్లు సామలు చెరుగుతున్నారు. సోమ్రా ఇంటి ముందు అరుగు మీద గుడ్డ పరిచాను. ఈ గుడ్డ చూసి వీళ్లు నన్ను భుజాల మీద మోస్తారని నా లోపల ఎక్కడో ఉంది, దాచను.

"నాయుడూ, మీ ఊరు ముందు ఆ వాలు మీద ఉండేది కదూ? ఇదిగో, ఇక్కడ?"

చేటలు ఆగిపోయాయి. ఒకావిడ పిల్లణ్ని చంకనేసుకుని లోపలికి పోయి తడిక మూసింది. మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. చివరికి కుక్క కూడా లేచి వెళ్లిపోయింది. అది బహుశా వేరే పని మీద.

సోమ్రా మాత్రం నా చెయ్యి పట్టుకుని ఊరి బయటికి, గెడ్డ దాకా తీసుకొచ్చాడు. రాయి మీద కూర్చుని పొగాకు చుట్ట ముట్టించాడు.

"ఒక ఊరుందనుకో బాబూ. మాది కాదు."

"సరే, మీది కాదు."

"ఆ ఊరికి అమ్మోరు వచ్చింది. మడుసులు రాలిపోతన్నారు. ఆ సోటు ఇంక పనికిరాదు. అప్పుడు దిసారి కొత్త సోటు ఎతుకుతాడు." దిసారి అంటే వాళ్ల పూజారి, మంచీ చెడూ చూసేవాడు. "నేల మీద బియ్యపు గింజలు జతలు జతలుగా ఎట్టి, ఆకుదొప్ప బోర్లించి వచ్చేత్తాడు. తెల్లారి గింజలు కదలకుండా ఉంటే అది మంచి సోటు."

"చీమలు పట్టుకుపోతే?"

"సీమల్ని ఎవరు పంపించేరు?"

అతను చుట్ట రెండుసార్లు పీల్చి మళ్లీ అందుకున్నాడు.

"అప్పుడు ఊరంతా లేచెల్లిపోద్ది. నిప్పు అట్టుకుపోతారు, పేరు అట్టుకుపోతారు. మిగతావన్నీ ఒగ్గేత్తారు. ఆ పాతసోటు ఎక్కడుందో ఇంక నోటితో సెప్పరు. సెప్తే ఏటవుద్దో తెలుసా?"

"ఏటవుద్ది?"

"ఆ జబ్బుకి దారి తెలిసిపోద్ది. ఎనకాలే వత్తాది."

గెడ్డ నీళ్లు రాళ్ల మధ్య నుంచి పోతున్నాయి. ఇలాంటి చోట నేనేదో ఒక పరాచికం ఆడాలి. కానీ భీమిలిలో మా ఇల్లు గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం చర్చికెళ్లే మా అమ్మ కూడా మసూచికాన్ని ఆ పేరుతో పిలవదు. గొంతు తగ్గించి 'అమ్మ' అంటుంది, మేడ మీదున్న ఇల్లుగలావిడ వింటుందేమో అన్నట్టు. మిషన్ స్కూలు మాస్టారి ఇంట్లోనే ఇలా ఉంటే, సోమ్రాకి నేను చెప్పేదేముంది?

"అయితే ఆ ఊరి మనిషిని ఎవరైనా ఆఫీసరు అడిగితే?"

"ఎప్పుడూ మా ఊళ్లోనే ఉన్నాం అంటాడు. అది అబద్దం కాదు. మడుసులు ఎక్కడుంటే ఊరు అక్కడే. పేరు ఆళ్లతోటే కదా ఉంది."

"నాయుడూ, చెప్పకపోతే కొండ పోతుంది."

"సెప్తే పిల్లలు పోతారు."

వాలు మీద పనసచెట్లు కనిపిస్తున్నాయి. ఎవరో మనుషులు తమ గుమ్మాల ముందు నాటుకున్న చెట్లవి అని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, అడవిలో చెట్లు అంత దగ్గరగా, అంత మర్యాదగా పెరగవు.

వెనక నుంచి కర్ర చప్పుడైంది. సోమ్రా మేనత్త బుద్రి. బుధవారం పుట్టిన మనిషి. ఊళ్లో అందరికన్నా పెద్దది. నడుం వంగిపోయింది, చూపు వంగలేదు. వచ్చి నా ముందు నిలబడి, "ఆ తెల్లగుడ్డ ఇప్పు" అంది.

విప్పాను. వాలు మధ్యలో ఉన్న ఎర్ర చుక్క మీద వేలు పెట్టాను. ఆవిడ వంగి చూసింది, ముట్టుకోలేదు.

"ఇది నీకు ఎవరు సెప్పేరు?"

"ఎప్పుడో ఒక సర్వేయరు గీశాడు మామ్మా. ఆయన ఈపాటికి చచ్చిపోయుంటాడు."

"సచ్చిపోయినోడు సెప్తే పరవాలేదు. ఆడికింక జబ్బేటి?"

సోమ్రా ఏదో వాళ్ల భాషలో గట్టిగా అన్నాడు. ఆవిడ అంతకన్నా గట్టిగా అంది. అత్తా మేనల్లుళ్లు పోట్లాడుకుంటుంటే ఏ భాషైనా అర్థమవుతుంది. చివరికి ఆవిడ నా వైపు తిరిగింది.

"నాను సెప్పను. కానీ కోతలయ్యేయి. కొత్త సామలు వండి పోయినోళ్లకి కూడెట్టాలి. ఏటేటా ఎడతాను. ఎవరికీ సెప్పి ఎల్లను, సెప్పి రాను. ఈ ఏడు నా ఎనకాల ఎవరొత్తే నాకేటి? నాకు ఎనక కళ్లు లేవు."

ఇది సోమయాజులుగారికి చెప్తే ఆయన తల పట్టుకున్నారు. "ఆఫీసరుగారికి ఏమని చెప్పమంటావోయ్? ముసలమ్మ అన్నం పట్టుకుని బయల్దేరుతోంది, సర్కారు వెనకాల నడవాలీ అనా?"

"మ్యాపు తనిఖీ అనండి."

ఆయన అలాగే అన్నారు. తన మాటగా ఇంకొకటి కూడా కలిపారు. "పాత సర్వేలు తప్పు కావని నాకనిపిస్తోందండీ. ఒకసారి కొలిచి చూస్తే గానీ రిమార్కు రాయలేను." ఆయనలాంటి మనిషి రిమార్కు రాయలేనన్నాడంటే అది భూకంపమే. పెదబయలు నుంచి తిరిగొచ్చిన ఆఫీసరుగారు సరేనన్నారు.

ఆ పొద్దున్న మంచు విడిచాక బయల్దేరాం. ముందు బుద్రి, నెత్తిన గంప. ఆవిడ వెనక సోమ్రా, ఊరి మగవాళ్లు కొందరు, ఎవరి దారిన వాళ్లు వెళ్తున్నట్టు. తర్వాత కొండ తట్టుగుర్రం మీద ఆఫీసరుగారు. తర్వాత గొలుసూ దిక్సూచీ పట్టుకుని సోమయాజులుగారు. చివర గొట్టంతో నేను. ఎవరూ ఎవరితోనూ వచ్చినవాళ్లం కాదు. ఒకే దారిలో అనుకోకుండా కలిసిన ఇంతమందిని నేనెప్పుడూ చూళ్లేదు.

వాలు మధ్యకి చేరాక నా వంతు వచ్చింది. గుడ్డ పరిచి, కింద గెడ్డ వంపు నుంచి కొలిపించి, "ఇక్కడేనండీ" అని గంభీరంగా వేలు చూపించాను. అక్కడొక ముళ్లడొంక ఉంది. ఇంకేమీ లేదు. లోయ తడికి గుడ్డ ముడుచుకుపోయింది, దాంతోపాటు నా కొలతా ముడుచుకుపోయింది. ఆఫీసరుగారు డొంకని చూశారు, నన్ను చూశారు. డొంకే మెరుగు అన్నట్టు మళ్లీ దాన్ని చూశారు.

అంతలో బుద్రి కూర్చుంది. మాకు రాయి విసిరితే తగిలేంత దూరంలో, పనసచెట్ల అవతల. ఎవరినీ పిలవలేదు. గంప దించి, ఆకులు తీసి, గడ్డి పక్కకి తోసింది. గడ్డిలో రాళ్లు.

ఆ కొండవాళ్లు చనిపోయినవాళ్లకి రాయి నిలబెడతారు. మనిషి పోయాక ఊరంతా కలిసి కొండ మీంచి రాయి మోసుకొచ్చి పాతుతారు. మామూలుగా అవి నడుమెత్తు, మనిషెత్తు ఉంటాయి. బొడ్డగుడ పక్కన నేను చూసినవి అలాంటివే. ఇక్కడివి మోకాలెత్తు కూడా లేవు. కొన్ని జానెడు. దగ్గరదగ్గరగా, ఒకదానికొకటి ఆనుకుని, చాలా ఉన్నాయి. పక్కనే చదునుబండ, దాని నిండా దంచి దంచి గుంటలు పడ్డ రోళ్లు. వాటిలో మంచునీళ్లు నిలిచి ఉన్నాయి.

ఆఫీసరుగారు గుర్రం దిగి దగ్గరికొచ్చారు. "ఈ రాళ్లు ఇంత చిన్నవేమిటి?"

బుద్రి తల ఎత్తకుండానే అంది.

"మోసేవోళ్లు మిగల్లేదు."

తర్వాత ఆకుల్లో సామన్నం పెట్టడం మొదలెట్టింది. చోటు పేరు పలకకూడదు గానీ మనుషుల పేర్లు పలకొచ్చు. ఒక్కొక్క రాయి దగ్గర ఒక్కొక్క పేరు. "నాన్నా, తిను. సిన్నయ్యా, తిను. సుక్రీ, తిను, నీకు పులుపు ఇష్టం కదా, సింతపండు ఎట్టేను." ఊరు కదిలేనాటికి ఈవిడ చిన్నపిల్ల అన్నమాట. డెబ్బై ఏళ్ల మనిషి నోట్లోంచి "నాన్నా" అన్న పిలుపు అప్పటి గొంతుతోనే వస్తోంది. చివర్న జానెడు రాయి ఒకటి ఉంది. దాని ముందు ఆగింది.

"నీకు పేరెట్టలేదు. అమ్మ కడుపులోంచి వచ్చి మూణ్ణాళ్లు లేవు. సెల్లీ, తిను."

ఆఫీసరుగారు టోపీ తీశారు. ఎండ లేదు, ఉక్కపోత లేదు. ఇంకే కారణమన్నా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. సోమయాజులుగారు ఎప్పుడు చెప్పులు విడిచారో నేను చూళ్లేదు. దిక్సూచి చేతిలో ఉంది గానీ ఆయన దాన్ని చూడ్డం లేదు. "రాసుకోవోయ్, పేర్లు. ఆవిడ చెప్పిన వరసలో" అన్నారు. రాశాను. నా చేతిరాత ఆ రోజు బాగా లేదు.

అక్కణ్ణించి బుద్రి లేచి పైకి నడిచింది. శిఖరం దాటాం. ఆవిడ నాలుగు అడుగులేసి ఆగుతూ, ఎవరు చెయ్యి ఇవ్వబోయినా విసుక్కుంటూ. అవతల దిగువలో రెండు గెడ్డలు కలిసేచోట, సరిగ్గా ఇడ్లీల పటం చెప్పిన చోట, మనిషెత్తు రాళ్లు వలయంగా నిలబడి ఉన్నాయి. చక్కని వెంట్రుక గీతల షీటు నన్ను డొంకలోకి దింపింది, పులి తోక పటం గుమ్మంలోకి తీసుకొచ్చింది. పనిలో ఇలాంటి అవమానాలు మామూలే.

ఇక్కడ బుద్రికి పేర్లు తెలియవు. ఉన్న అన్నమంతా ఒకే పెద్ద ఆకులో పోసింది.

"తాతలకి తాతలూ, తినండి. మేం ఉన్నాం."

ఆ రోజు గుడారంలో ఆఫీసరుగారు కాగితం మీద రాసిన మాటలు నాకు గుర్తే, ఎందుకంటే శుద్ధప్రతి తీసింది నేనే. మ్యాపు తనిఖీలో ఫలానా రెండు చోట్ల పాత కాపురాల గుర్తులు కనిపించాయి. అవి బొడ్డగుడవారి పూర్వీకులవని నమ్మడానికి కారణాలున్నాయి. ఈ విషయమై ఊరివాళ్లు ఏమీ చెప్పలేదు. ఆ చివరి వాక్యం కింద ఆయనే గీత గీశారు. వాలు రిజర్వు బయట ఉండిపోయింది. శిఖరానికి అవతలది మాత్రం లోపలే పడింది. అది ఎవరూ సాగు చెయ్యని నేల, ఆయన చేతులకి అంతకన్నా పొడుగు లేదు. ఏడాదికోసారి వెళ్లి రావడానికి అనుమతి రాశారు. పూర్వీకులకి అన్నం పెట్టడానికి సర్కారు అనుమతి. నవ్వాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సోమ్రాకి చెప్పడానికి నేనే వెళ్లాను. అతను గంతులెయ్యలేదు, కాళ్ల మీద పడలేదు. చుట్ట నోట్లోంచి తీసి, "అయితే వాలు ఉంటాదా?" అన్నాడు. ఉంటుందన్నాను. మళ్లీ చుట్ట పెట్టుకున్నాడు. వెలిగించడం మర్చిపోయి ఉత్తదే పీలుస్తున్నాడని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

"మరి అస్సాం మేస్త్రీకి ఏం చెప్తావు?"

"సామలు దంచుకోవాలి, కాళీ లేదని సెప్తాను."

తర్వాత అసలు మ్యాపు గియ్యడం. పాడుపడ్డ ఊరికి మ్యాపులో ఒక గుర్తుంది. పక్కన పేరు కూడా రాయాలి, పాత బొడ్డగుడ అని. పెన్సిలుతో రాసి కూడా పెట్టాను. బుద్రి ముఖం గుర్తొచ్చి చెరిపేసి, రెండుచోట్లా రాళ్ల గుర్తు మాత్రం వేశాను. సోమయాజులుగారు తప్పులు వెతకడానికి కూర్చుని అక్కడే ఆగారు.

"పేరు లేని గుర్తేమిటోయ్?"

"పేరు రాస్తే జబ్బుకి దారి తెలుస్తుందిటండీ."

ఆయన మ్యాపునీ నన్నూ మార్చి మార్చి చూశారు. నిబంధనల పుస్తకం మొత్తం నోటికొచ్చిన మనిషి. "మన మ్యాపు పట్టుకుని వచ్చిందంటే మన పీకల మీదికే వస్తుంది. ఉండనీ" అని కింద సంతకం పెట్టారు.

ఈ పనిలో నాకు ఆట్టే అనుభవం లేదు. పెద్దవాళ్లు చెప్పుకునే కేసుల ముందు ఇదెంత అని మీరనుకోవచ్చు. కానీ దీని తర్వాత నా పని పద్ధతి ఒకటి మారింది. పాత మ్యాపుకీ కొత్త మ్యాపుకీ పొత్తు కుదరకపోతే, వెనకటివాడికి జ్వరమొచ్చిందని నేను ముందే అనుకోను. ఆ ఊరు వెళ్తాను. వెళ్లి ఏమీ అడగను. కోతలయ్యాక ఎవరు గంప ఎత్తుకుని ఎటు వెళ్తున్నారో చూస్తాను. దీనివల్ల పని ఆలస్యమవుతుందని పైవాళ్లు అంటున్నారు. అవుతోంది.

మరుసటేడు చలికాలం మళ్లీ అక్కడికి వెళ్లాను. రిజర్వు గీత శిఖరం మీదుగా పోయింది కదా, గీత మలుపు తిరిగినచోటల్లా కెయిర్న్ కట్టించాం. కెయిర్న్ అంటే రాళ్లు గుట్టగా పేర్చి, మధ్యలో ఒక నిలువురాయి పాతడం, ఇది సర్కారు హద్దు అని. వాటిని సరిచూడ్డం ఆ ఏడు నా పని. శిఖరం మీద కెయిర్న్ దగ్గరికొచ్చేసరికి బుద్రి అక్కడ కూర్చుని ఉంది. గంప పక్కన పెట్టుకుని, రాయి ముందు ఆకు పరుస్తోంది.

"మామ్మా, ఇక్కడెవరూ లేరు. ఇది మేం పెట్టిన రాయి."

"తెలుసు. మా ఓళ్లే కదా మోసేరు. మీలో ఎవరు సచ్చిపోయేరు?"

"ఎవరూ చావలేదు. ఇది హద్దురాయి. అటుపక్క సర్కారుది, ఇటుపక్క మీది అని తెలియడానికి."

ఆవిడ రాయిని చూసింది. శిఖరం అవతల, వలయంగా నిలబడ్డ ఆ పెద్ద రాళ్ల వైపు చూసింది. నా వైపు కాస్త జాలిగా చూసింది.

"మడిసి పోకుండా ఎవరూ రాయెట్టరు బాబూ. ఎవరో పోయే ఉంటారు. నీకు తెల్దు."

ఆకులో రెండు పిడికిళ్ల సామన్నం పెట్టి, కొంచెం చింతపండు కూడా పెట్టింది, ఇష్టమో కాదో తెలియదు కాబట్టి పక్కగా. పోయినవాళ్ల పేరు తెలియక, "ఎవరైతే ఆళ్లు, తినండి" అంది.

నాకొక పరాచికం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ హద్దు సరిగ్గా ఉందని పుస్తకంలో రాసుకుని, మెతుకులు తొక్కకుండా పక్కనుంచి దిగి వచ్చాను.